గార పట్టిన గాజుకి జేజేలు

బోరు నీళ్ళ మరకలంత నమ్మకమైన చుట్టాలు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు! పిలవకుండా వస్తాయి. ఏమీ పెట్టకపోయినా ఉంటాయి. పొమ్మని రుద్ది రుద్ది చెప్పినా పోవు. మీ చుట్టాల్లో అంత ఆప్యాయత ఎవరికుందో ఒక్కసారి తలుచుకోండి!

ముక్కు చిట్లించకండి. మీ ఇంట్లోనూ ఉన్నాయని నాకు తెలుసు. కుళాయి మెడ చుట్టూ తెల్లగా గడ్డకట్టి, షవర్ చిల్లులు సగం పూడ్చి, కడిగి బోర్లించిన గాజు గ్లాసు అంచున నెలవంకలా ఒక గీత మిగిల్చి... ఉన్నాయి కదా? ఉంటాయి. వాటిని చూసి సిగ్గుపడేవాళ్ళు కొందరు, పళ్ళు కొరికి తోమేవాళ్ళు కొందరు. దణ్ణం పెట్టేదాన్ని మాత్రం నేనొక్కదాన్నే.

ఎందుకో చెప్తాను, కూర్చోండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి రండి. నాకు గబగబా చెప్పడం చేతకాదు.

మా వాడు ఈ ఫ్లాట్ కొన్నాక గోడ ఉన్న చోటల్లా దాన్ని తీయించి గాజు పెట్టించాడు. హాలుకీ బాల్కనీకీ మధ్య గాజు తలుపు. భోజనాల బల్ల గాజు. పొయ్యి పైన పెట్టే పలక గాజు. అక్కడితో ఆగాడా? స్నానాల గదిలో అడ్డంగా నిలువెత్తు గాజు పలక!

"ఏరా, లోపల మనిషి కనబడడూ?" అన్నాను.

"ఇప్పుడంతా ఇదేనమ్మా, మోడ్రన్!" అన్నాడు.

మోడ్రన్ అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. మనం ఇన్నేళ్ళూ తలుపేసుకుని చేసిన పనిని తలుపు లేకుండా చెయ్యడం! కొత్తలో నేను ఒంటిమీద బట్టలతోనే నీళ్ళు పోసుకుని బయటపడ్డాను.

అప్పుడు నన్నెవరు కాపాడారు? కన్నకొడుకా? బిల్డరా? బోరు నీళ్ళండీ! చుక్క మీద చుక్క ఎండి, పొర మీద పొర పేరుకుని, చూస్తుండగానే ఆ గాజుకి తెల్లటి తెర కట్టేశాయి. కొలతలు తీసుకోలేదు, కుట్టుకూలి అడగలేదు. ఒక ముసలిదాని మానం కాపాడిన నీళ్ళని పట్టుకుని హార్డ్ వాటర్ అని పేరు పెడతారా? కళ్ళు పోతాయి!

వాష్‌బేసిన్ మీది అద్దం సంగతి చెప్పనే లేదు. గార పట్టిన అద్దంలో ముఖం ఉంటుంది, ముడతలుండవు. బొట్టు కనబడుతుంది, బుగ్గ మీద పులిపిరి కనబడదు. ఆ పని చేసిపెడతామని క్రీములు అమ్మేవాళ్ళు టీవీలో ఎంత గొంతు చించుకుంటారో చూశారుగా? మాకు కుళాయి తిప్పితే వచ్చేది.

ఇక కరెంటు కెటిల్. అడుగున గులకరాళ్ళలాగా పేరుకుని, నీళ్ళు మరిగితే గలగలమని పిలిచేది. ఇస్త్రీపెట్టె చిల్లుల్లోనూ గారే. మా వాడు ఆఫీసుకి బయల్దేరే టైముకి సరిగ్గా చూసి వాడి నల్ల ప్యాంటు మీద ఇంత తెల్లపొడి ఉమ్మేది. మా వాడు గంతులేసేవాడు. వాడి చిన్నప్పటి తర్వాత వాడు గంతులేయడం మళ్ళీ అప్పుడే చూశాను. తల్లికి అంతకంటే ఏం కావాలి?

కానీ మా కోడలికి ఈ మహిమలేవీ ఎక్కలేదు. మంచి పిల్ల, చేతిలో పని మిగలనివ్వదు. మరక కనబడితే మటుకు ఆ పిల్లకి అన్నం సహించదు. ఆఫీసు నుంచి వచ్చి బ్యాగు కిందపెట్టకుండానే స్నానాలగది గాజు దగ్గరికెళ్ళి ఏటవాలుగా ఒంగి చూసేది. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు వేలితో తాకి, "అత్తయ్యా, ఇంకా ఉన్నాయి" అనేది.

"ఉండనీవే అమ్మాయ్, ఎవరి జోలికీ పోవట్లేదుగా?"

"మీరలాగే అంటారు. రేపు ఎవరైనా వస్తే?"

ఎవరైనా వస్తే మన స్నానాలగదికి ఎందుకెళ్తారు? వెళ్ళినా వాళ్ళ పనేదో వాళ్ళు చూసుకుంటారు గానీ గాజులోకి ఒంగి చూస్తారా? ఆ మాట అనలేదు లెండి. కోడలితో ఒక కప్పు కింద బతికేవాళ్ళకి ఏది మింగాలో తెలిసి ఉండాలి.

వైద్యాలు మొదలయ్యాయి. నిమ్మచెక్క రుద్దింది. వంటసోడా పూసింది. టూత్‌పేస్టు పులిమింది, ఆ రోజు మేమందరం వేలితోనే పళ్ళు తోముకున్నాం. చివరికి వెనిగర్ దగ్గర తేలింది. కాగితం రుమాళ్ళని వెనిగర్‌లో తడిపి, కుళాయిలకి చుట్టి, గాజుకి అంటించి, ఒక పూట వదిలేసేది. ఇల్లంతా ఆసుపత్రిలాగా తెల్ల కట్లు! ఏ కుళాయిని చూసినా కాలు విరిగి పడుకున్నట్టు ఉండేది. మంచినీళ్ళు తాగాలన్నా పరామర్శ చేసి తాగాల్సి వచ్చేది.

ఊరికే అనడం కాదు, మరకల వల్ల మా బిల్డింగులో స్నేహాలు పెరిగాయి. అంతకుముందు లిఫ్టులో ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు, ఎవరి ఫోను వాళ్ళది. ఇప్పుడో? "మీరు వెనిగర్‌లో నీళ్ళు కలుపుతారా, చిక్కగానే పోస్తారా?" అని పై అంతస్తు ఆవిడ అడిగేది. "పాత న్యూస్‌పేపరుతో తుడవండి మేడమ్" అని వాచ్‌మన్ చెప్పేవాడు. ఎదురు ఫ్లాట్ లాయరుగారైతే మా అంతస్తు వచ్చినా దిగకుండా కిందికీ పైకీ తిరుగుతూ వంటసోడా మీద వాదించేవాడు. పండగలకి కలవని జనాన్ని గార కలిపింది!

పైగా మరక మనిషి తలకాయని కూడా కాపాడుతుంది. నమ్మరా? కోడలు ఒక ఆదివారం మరకలు తీసేవాణ్ణి మాట్లాడింది. అవును, దానికీ మనుషులున్నారు. మిషనూ మందూ తెచ్చి బాల్కనీ తలుపు అంత చక్కగా తోమి వెళ్ళాడు. తలుపు ఉందో లేదో తెలియకుండా పోయింది. మా వాడు ఫోనులో మాట్లాడుతూ నేరుగా దాన్లోకి నడిచాడు. ధన్! నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. మరకలున్నన్నాళ్ళూ ఆ తలుపు తనెక్కడుందో తనే చెప్పుకునేది పాపం.

ఆ ఆదివారం గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. ముందు మా ఆయన గురించి చెప్పాలి.

మా ఆయన దర్జీ. దుకాణం మానేసి చాలా కాలమైంది గానీ కుట్టడం మానలేదు. హాలు మూల కిటికీ దగ్గర ఆయన కుట్టుమిషను. పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, దాని ముందు కూర్చుని, కాలితో ఒకసారి ఉత్తినే తొక్కి, ఆ చప్పుడు విన్నాకే టీ తాగేవాడు. బిల్డింగులో అందరూ మిషను తాతగారు అంటారు. దిండు గలీబులు, చిరిగిన జేబులు, పొట్టి చేయాల్సిన ప్యాంట్లు అన్నీ ఆయన దగ్గరికే.

ఆయనకి ఆ మిషనంటే ప్రాణం అని నేననను. ప్రాణం అయితే ఒంట్లో ఉంటుంది. ఇది బయట, కిటికీ పక్కన, నూనె వాసన వేస్తూ ఉండేది.

ఈ ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి ఆయన చూపు మందగించింది. కుట్టు వంకర పోవడం మొదలైంది. వెలుతురు చాలట్లేదని కుర్చీని కిటికీకి ఇంకాస్త జరిపాడు. దారం మంచిది రావట్లేదన్నాడు. సూది బెజ్జాలు ఈ మధ్య చిన్నవి చేస్తున్నారు దొంగవెధవలు అన్నాడు. దారం ఎక్కించమని నన్ను పిలిచేవాడు కాదు. నేను వంటింట్లో ఉన్నప్పుడు చూసి, దారం కొస నోట్లో తడిపి, గాల్లో గుచ్చుతూ కూర్చునేవాడు. దోమని పట్టుకోబోయేవాడిలా.

ఒకసారి లాయరుగారి నల్లకోటుకి లోపలి బట్ట ఊడితే కుట్టి ఇచ్చాడు. లోపలి బట్టతో పాటు జేబు మూతి కూడా కలిపి కుట్టేశాడు! ఆయన కోర్టులో అందరి ముందూ చెయ్యి దూర్చబోతే జేబు లేదు.

"అయ్యో, ఇలా ఇవ్వండి, విప్పేస్తాను" అని మా ఆయన చేతులు చాచాడు.

"ఉండనివ్వండి తాతగారూ. అందులో వేసుకోవడానికి మాత్రం నా దగ్గర ఏముంది?" అన్నాడు లాయరుగారు. ఆయన మంచివాడు. కానీ ఆ తర్వాత మరి కోటు పంపలేదు.

నేను ఊరుకోలేదు. "కంటి డాక్టరుకి చూపించరా" అని మా వాడి వెంటపడ్డాను. ఒక ఆదివారానికి టైము తీసుకున్నాడు. ఆ ఆదివారమే మరకలు తీసేవాడొచ్చాడు! వాడు మళ్ళీ దొరకడట. గాజుకి డిమాండు అంత ఉందట. "నాన్నకి ఇంకోసారి చూపిద్దాంలేమ్మా. కళ్ళు ఎక్కడికీ పోవుగా" అన్నాడు మా వాడు. అంటూనే ఫోను ఎత్తి మాట్లాడుతూ బాల్కనీ వైపు నడిచాడు. ధన్! మిగతాది మీకు తెలుసు.

తర్వాత ఒకనాడు సూది ఆయన వేలి గోట్లోంచి దిగింది. గట్టిగా అరవను కూడా అరవలేదు, వేలు నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెల్ల గలీబు మీద రక్తం చూసి కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇంక చాలు నాన్నా" అన్నాడు మా వాడు. "వయసైపోయింది. ఎవరికైనా అంతే. ఈ కళ్ళు పెట్టుకుని ఎందుకీ బాధ?"

"రెస్టు తీసుకోండి మామయ్యగారూ" అంది కోడలు.

పై అంతస్తు ఆవిడ వచ్చి, "మా నాన్నగారికీ ఇలాగే. వయసండీ" అంది. వాచ్‌మన్ కూడా "వయసు కదమ్మా" అన్నాడు. వంటసోడా దగ్గర ఇద్దరికి పొసగని బిల్డింగు మొత్తం ఈ ఒక్క మాట దగ్గర ఏకమైపోయింది!

మిషను ఇచ్చేయాలని తేల్చారు. కుట్టు నేర్పే బడి ఒకటుంటే వాళ్ళొచ్చి ఆదివారం పట్టుకెళ్తామన్నారు. అదే రోజు ఆ మూలకి కొత్త షోకేసు వస్తుందట. దేంతో చేసింది అనుకున్నారు? మీరూ తెలివైనవాళ్ళే. గాజుతోనే! నాలుగు వైపులా!

మా ఆయన కాదనలేదు. కాదంటే బాగుండేది. శనివారం పొద్దంతా మిషను ముందు కూర్చుని నూనె వేశాడు. చక్రం తుడిచాడు, పెడలు తుడిచాడు, సూది నిలబెట్టే కడ్డీని మెత్తటి గుడ్డతో పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచాడు. చూసి కాదు, తడుముకుంటూ. నేను టీ పెట్టి పక్కనుంచితే చల్లారిపోయింది. మళ్ళీ పెట్టాను. అదీ చల్లారింది.

"అక్కడ పిల్లలు దీని మీద ముతకబట్ట తొక్కుతారేమోనే" అన్నాడు.

ఆదివారం వచ్చింది. షోకేసు వస్తోందంటే ఇల్లు మెరవాలిగా? కోడలు పొద్దున్నే వెనిగర్ సీసా తీసింది. కాగితం రుమాళ్ళు ముంచి వాష్‌బేసిన్ కుళాయికి చుట్టింది, పక్కనున్న గట్టు మీది గార పైన కూడా ఒత్తుగా పరిచింది. హడావిడిలో అక్కడేముందో చూసుకోలేదు.

అక్కడున్నది మా ఆయన కళ్ళజోడు!

ఆయనకి ఒక అలవాటుంది. ముఖం కడిగినప్పుడల్లా కళ్ళజోడుని కూడా కుళాయి కింద కడుగుతాడు. కడిగి ఆ గట్టు మీద పెట్టి, దానంతటది ఆరేదాకా వదిలేస్తాడు. గుడ్డతో తుడవడు, ఎవర్నీ తుడవనివ్వడు. "గుడ్డ సంగతి నాకు చెప్పకు. ఎంత మెత్తటి బట్టలోనైనా ఒక ముతక పోగు ఉంటుంది. గీత పడిందంటే పోదు" అంటాడు. జీవితమంతా బట్టలో బతికిన మనిషి, బట్ట మీద అంత అనుమానం! పాతకాలపు దళసరి గాజు అద్దాలు. ఇప్పటి తేలిక రకం ఆయనకి నచ్చవు.

"నా కళ్ళజోడేదే?" అని ఆయన అరుస్తున్నాడు. నేను దిండు కింద వెతికాను, మిషను సొరుగులో వెతికాను. టిఫిన్ల వేళ దాటిపోయింది. ఎందుకో అనుమానమొచ్చి గట్టు మీది కాగితాలు ఎత్తితే, వాటి కింద హాయిగా నానుతోంది.

"నా కళ్ళజోడుని ఊరబెట్టారా!" అని గంతేశాడు ఆయన. వాళ్ళ వంశంలోనే ఉంది గంతు.

"అయ్యో, చూడలేదు మామయ్యగారూ!" కోడలు పరుగున వచ్చి దాన్ని లాక్కుని, తాగే ఫిల్టరు నీళ్ళతో కడిగి, ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా తన గాజు తుడిచే మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆయన ముక్కు మీద పెట్టింది.

ఆయన తలెత్తాడు.

కిటికీ వైపు చూశాడు. "అది చెట్టా?" అన్నాడు. "ఆకులున్నాయి!"

గోడ వైపు చూశాడు. "ఈ రంగు ఎప్పుడేశారు?"

నా వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. "ఒసేయ్, నువ్వెప్పుడు ముసలిదానివైపోయావే?"

ఇంట్లో ఇంతమంది ఉన్నారు, మాట్లాడటానికి ఆయనకి అదే దొరికింది!

తర్వాత నేరుగా వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. దారం కొస నోట్లో తడిపి, సూది దగ్గరికి తెచ్చాడు. ఒక్కసారికే దూరింది. ఆయన చెయ్యి గాల్లో అలాగే ఆగింది. ఎక్కించాక ఏం చెయ్యాలో తోచనట్టు. ఆ తర్వాత కాలు ఆడింది. నా చేతిలో మిగిలిన తడి కాగితం రుమాలే అందితే దాని మీదే గీత గీసినట్టు ఒక కుట్టు వేశాడు.

అదే సమయానికి గంట మోగింది. గుమ్మంలో షోకేసు పట్టుకుని ఇద్దరు, వాళ్ళ వెనక కుట్టుబడి వాళ్ళు. మా వాడు తలుపు తీసి, లోపలి మిషను చప్పుడు విని వెనక్కి తిరిగాడు.

"నాన్నా, వాళ్ళొచ్చారు..."

"వచ్చారా? కూర్చోమను. ఒంటిమీద ఏమైనా చిరిగి ఉంటే ఇమ్మను, కుట్టిపెడతా" అన్నాడు ఆయన, తలెత్తకుండా.

కోడలు చేతిలో గుడ్డ చూసుకుంటోంది. ఆ గుడ్డ మీద తెల్లటి పొడి. రోజూ స్నానాలగది గాజు మీద చూసేదే, కెటిల్లో చూసేదే, ఎక్కడున్నా వెతికి పట్టుకునేదే. "అత్తయ్యా... ఇన్నాళ్ళూ ఇదేనా?" అంది. "ఇల్లంతా తుడిచాను కదా."

తుడిచిందండీ, అబద్ధం ఆడకూడదు. ఇంట్లో ఉన్న గాజంతా తుడిచింది. ఒక మనిషి ముఖం మీదున్న రెండు ముక్కలు తప్ప.

నేను ఆ పిల్లని తప్పు పట్టను. వెనిగర్ తెచ్చింది తనే కదా! నేననేది ఆ 'వయసు' అన్న మాట గురించి. గాజు మసకబారితే అందరూ నీళ్ళని తిట్టారు. కుళాయి తిప్పి చూశారు, ఆరా తీశారు, వైద్యం చేయించారు, మనిషిని పిలిపించారు. మా ఆయన మసకబారితే ఎవరూ ఏమీ తిప్పి చూడలేదు. కూర్చున్నచోటే తీర్పు చెప్పేశారు! కుళాయికి దక్కిన పాటి అనుమానం కూడా మనిషికి దక్కకూడదా? మోకాలు నొప్పంటే వయసు. అన్నం తినకపోతే వయసు. మాట్లాడకుండా ఒక మూల కూర్చుంటే వయసు. వయసు నిజంగానే ఉంది, నేను కాదనట్లేదు. కానీ దాని మీద పేరుకున్నదంతా వయసేనా అని అడుగుతున్నాను.

అందుకే మరకలకి దణ్ణం పెడతానన్నాను. అవి పట్టకపోతే వెనిగర్ వచ్చేదా? వెనిగర్ లేకపోతే ఆ మిషను ఇప్పుడు ఎక్కడుండేది?

కుట్టుబడి వాళ్ళు ఖాళీ చేతులతో వెళ్ళలేదు. ఒకాయన చొక్కా గుండీ ఊడి ఉంటే కుట్టించుకుని వెళ్ళాడు. షోకేసు వెనక్కి తీసుకోరట. మిషను పక్కనే నిలబెట్టాం. అందులో దారపు ఉండలు, కత్తెర, నూనె డబ్బా. దాని గాజు తుడిచే పని మా వాడిది. ఏటవాలుగా ఒంగి చూస్తాడు, బొప్పి ఇంకా పూర్తిగా తగ్గలేదు. కంటి డాక్టరుకి కూడా చూపించాం లెండి. "కళ్ళు బాగున్నాయి, ఎవరో అద్దాలు కూడా బాగా తుడుస్తున్నారు" అన్నాడాయన. కోడలు సిగ్గుపడింది. లాయరుగారు మళ్ళీ కోటు పంపాడు, జేబు విప్పించుకోవడానికి.

ఇక రోజూ పొద్దున్నే కోడలు మామగారి కళ్ళజోడు ఫిల్టరు నీళ్ళతో కడిగి, తుడిచి ఇస్తుంది. ఆయన పెట్టుకుని మొదట సూదిని చూస్తాడు, తర్వాత నన్ను చూస్తాడు. చూసి ఊరుకోడు. "ఇక్కడింకో తెల్లవెంట్రుక" అంటాడు. "ఈ ముడత నిన్న లేదే" అంటాడు. మరకలున్నన్నాళ్ళూ ఎంత బాగా బతికాను!

కోడలితో చాటుగా ఒక ఒప్పందం చేసుకున్నాను. ఎడమ అద్దం పైమూల ఒక్క మరక, చిన్నది, తుడవకుండా వదిలెయ్యమన్నాను. సూదికి అది అడ్డం రాదు. ఈ మధ్య నన్ను చూడాల్సి వచ్చినప్పుడల్లా ఆయన తల కొంచెం వంచి, ఆ మూలలోంచే చూస్తున్నాడు.